పెద్ద చేపలకు ఏ సైజు ట్యాంకు? లీటర్ల కంటే ముందు వెడల్పు చూడండి

అక్వేరియం షాపులో రెండంగుళాల ఆస్కార్ పిల్ల, నాలుగంగుళాల సిల్వర్ అరోవానా పిల్ల పక్కపక్కన ఉంటాయి. రెండూ రెండడుగుల ట్యాంకులో హాయిగా తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. బాగా మేపితే ఏడాది తిరిగేసరికి మొదటిది తొమ్మిది, పది అంగుళాలకు వస్తుంది. రెండోది అడుగు దాటి అడుగున్నర వైపు సాగుతుంది. అందుకే ట్యాంకును ఈ రోజు కవర్లో తెచ్చుకున్న పిల్లకు కాదు, రెండేళ్ల తర్వాతి చేపకు కొలవాలి. నాలుగడుగులదా, ఆరడుగులదా, ఎనిమిదడుగులదా, లేకపోతే సిమెంటు తొట్టే కట్టించాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఈ పోలిక.

కొలతలన్నీ అడుగుల్లో, పొడవు × వెడల్పు × ఎత్తు వరసలో ఇస్తున్నాం. కొన్ని షాపుల్లో రెండో అంకె ఎత్తు, మూడోది వెడల్పు అవుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు 'ముందు నుంచి వెనక్కి ఎంత?' అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఈ ఒక్క అంకె తారుమారైతే మిగతా లెక్కంతా వృథా.

## ముందుగా చూసుకోవాల్సినవి

చేప పూర్తి పొడవు, దానికి తగ్గ వెడల్పు. ట్యాంకు పొడవు చేప పొడవుకు నాలుగు రెట్లు, వెడల్పు ఒకటిన్నర రెట్లు ఉంటే హాయి అన్నది పనికొచ్చే కొలత. అరోవానా లాంటి ఒళ్లు వంచగల చేపకు వెడల్పు దాదాపు దాని పొడవంతైనా ఉండాలి. మన దగ్గర ట్యాంకులు ఎక్కువగా గోడ వారన పెట్టుకోవడానికి సన్నగా, ఎత్తుగా చేస్తారు. హాల్లో చూడ్డానికి బాగుంటాయి, చేపకు మాత్రం నరకం. పన్నెండంగుళాల ఆస్కార్ అడుగు వెడల్పు ట్యాంకులో వెనక్కి తిరగాలంటే మూతి ముందు అద్దానికి, తోక వెనక అద్దానికి తగులుతాయి. రోజుకు కొన్ని వందలసార్లు ఇదే. కొన్ని నెలలకు మూతి మీద తెల్లగా చర్మం లేస్తుంది, తోక అంచులు పీలికలవుతాయి, పుండు మీద ఫంగస్ పడుతుంది. మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. జబ్బు నీళ్లలో కాదు, వెడల్పులో ఉంది.

ఎత్తు. రెండడుగులు మించితే చెయ్యి అడుక్కి అందదు. శుభ్రం చెయ్యడానికి స్టూలెక్కి చంకదాకా ముంచాలి. పైగా అద్దం మీద నీటి ఒత్తిడి ఎత్తును బట్టే పెరుగుతుంది, పొడవు వెడల్పులను బట్టి కాదు. 4×1.5×2 ట్యాంకును 4×2×1.5 ట్యాంకుతో పోల్చి చూడండి. రెండింటిలోనూ 12 ఘనపుటడుగులు, అంటే 340 లీటర్లు. ఎత్తుగా ఉన్నదానికి 28 చదరపుటడుగుల అద్దం పడుతుంది, అదీ మందంగా ఉండాలి. వెడల్పుగా ఉన్నదానికి 26 చాలు, 8 మి.మీ. అద్దంతో నడుస్తుంది. నీటి పైతలం మొదటిదానిలో ఆరు చదరపుటడుగులు, రెండోదానిలో ఎనిమిది. ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది ఆ పైతలం నుంచే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 32 డిగ్రీల దగ్గర 7.3కి పడిపోతుంది. విజయవాడ, రామగుండం వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ రెండు చదరపుటడుగుల తేడాయే చేపను కాపాడుతుంది.

వారం వారం మార్చే నీళ్లు. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. మూడంగుళాల పిల్ల పన్నెండంగుళాలయ్యేసరికి బరువు 64 రెట్లు. తిండీ, రెట్టా, అమ్మోనియా కూడా ఆ దారిలోనే పెరుగుతాయి. 'అంగుళం చేపకు ఇన్ని లీటర్లు' అనే లెక్క నియాన్ టెట్రాల లాంటి చిట్టి చేపలకు సరిపోతుందేమో గానీ ఇక్కడ మోసం చేస్తుంది. పెద్ద చేపల ట్యాంకులో వారానికి కనీసం మూడో వంతు నీళ్లు మార్చాలి.

నేల మోయగలదా. నివాస గృహాల స్లాబుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం లెక్కగడతారు (భారత ప్రమాణం ఐఎస్ 875, రెండో భాగం). ఏ పెద్ద ట్యాంకైనా తాను నిలబడ్డ చోట దీనికి మూడు నాలుగు రెట్లు వేస్తుంది. గది మొత్తం మీద భారం సర్దుకుంటుంది కాబట్టి వెంటనే కూలిపోదు. కానీ ట్యాంకు ఎక్కడ నిలబెట్టామన్నది చాలా ముఖ్యం. బీము మీద, పిల్లర్ దగ్గర గోడను ఆనుకుని పెట్టాలి, స్లాబు నడిమధ్యలో ఎప్పుడూ వద్దు.

ఇంట్లోకి ఎలా వస్తుంది. ఆరడుగుల ట్యాంకు చాలా అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో పట్టదు. మెట్ల మలుపు దగ్గర టేపు పెట్టి కొలిచాకే అడ్వాన్సు ఇవ్వండి.

## ఏ చేపకు ఎంత

| చేప | పెరిగాక (అంగుళాలు) | కనీసం | హాయిగా ఉండాలంటే |
|---|---|---|---|
| ఫ్యాన్సీ గోల్డ్ ఫిష్, మూడు | 6–8 | 3×1.5×1.5 | 4×1.5×1.5 |
| ప్యారట్, నాలుగు | 7–8 | 4×1.5×1.5 | 4×2×2 |
| ఫ్లవర్‌హార్న్, ఒక్కటి | 10–12 | 4×1.5×1.5 | 4×2×1.5 |
| ఆస్కార్, ఒక్కటి | 11–13 | 4×1.5×1.5 | 4×2×2 |
| ఆస్కార్, రెండు | 11–13 | 5×2×2 | 6×2×2 |
| సక్కర్ (మామూలు ప్లీకో) | 14–18 | 5×2×2 | 6×2×2 |
| జెయింట్ గౌరామి | 18–24 | 6×2.5×2 | 8×3×2.5 |
| సిల్వర్ అరోవానా | 24–30 | 6×2.5×2 | 8×3×2.5 |
| కోయి, మూడు నాలుగు | 20–28 | 4000 లీటర్ల తొట్టి | ఇంకా పెద్దది |
| పాకు (రూప్‌చంద్) | 20–24, ఇంకా పైన | 4000 లీటర్ల తొట్టి | చెరువు |
| షార్క్ (పంగాసియస్) | 36–48 | ఇంట్లో కుదరదు | చెరువు |
| రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ | 36–48 | ఇంట్లో కుదరదు | పబ్లిక్ అక్వేరియం |

పట్టికలో ఆఖరి మూడింటి గురించి కాస్త గట్టిగా చెప్పాలి. షాపులో 'షార్క్' అని జతకింత లెక్కన అమ్మే వెండి రంగు పిల్ల, కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో కిలోల లెక్కన పెంచే పంగాసియస్సే. 'పిరానా' అంటూ అంటగట్టే ఎర్రపొట్ట పిల్ల చాలాసార్లు చేపల మార్కెట్లో దొరికే రూప్‌చందే. ఇవి ఆహారం కోసం, ఎకరాల చెరువుల కోసం ఎంచుకున్న జాతులు. పంగాసియస్ బెదురు చేప. గదిలో లైటు వేసినా ఉలిక్కిపడి దూసుకెళ్లి అద్దానికి గుద్దుకుంటుంది, మూతి పగులుతుంది. రెడ్‌టెయిల్ పిల్ల మూడంగుళాలున్నప్పుడు ముద్దుగా మీసాలాడిస్తుంది. పెరిగాక ట్యాంకులో నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగేస్తుంది. నాలుగడుగుల చేపకు మన లెక్క ప్రకారం పదహారడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు కావాలి. అది ట్యాంకు కాదు, గది. అద్దపు ట్యాంకు కోసం ఈ మూడింటినీ కొనకండి.

'చేప ట్యాంకును బట్టే పెరుగుతుందండీ, చిన్న ట్యాంకులో చిన్నగానే ఉంటుంది' అని కౌంటర్ దగ్గర వినపడుతుంది. ఎదుగుదల ఆగడం నిజమే. పేరుకున్న నైట్రేట్, ఇరుకు కలిసి ఆపేస్తాయి. అలా ఆగిన చేపకు వెన్ను వంగుతుంది, తల పెద్దదై ఒళ్లు కురచవుతుంది, పది పన్నెండేళ్లు బతకాల్సిన ఆస్కార్ రెండు మూడేళ్లకే పోతుంది. అది సర్దుకుపోవడం కాదు, కృశించడం.

## నాలుగడుగుల ట్యాంకు

ఒక్క ఫ్లవర్‌హార్న్‌కో ఒక్క ఆస్కార్‌కో ఇదే సరైన చోటు. ఇందులోనూ మూడు రకాలున్నాయి. 4×1.5×1.5లో 255 లీటర్లు, 4×2×1.5లో 340, 4×2×2లో 453. పై అంచున వదిలే రెండు మూడంగుళాలు, అద్దం మందం తీసేస్తే ఆఖరిదానిలో నిజంగా నిలిచేది 400 లీటర్లే.

ఒక్కటే చేప ఉంచాలనుకుంటే 4×2×1.5 అన్నిటికంటే మంచి బేరం. అద్దం తక్కువ, పైతలం ఎక్కువ, చెయ్యి అడుక్కి అందుతుంది, బరువు ఎనిమిది చదరపుటడుగుల మీద పరుచుకుంటుంది. షాపులో రెడీగా దొరక్కపోవచ్చు, చెప్పి చేయించుకోవాలి. ఫ్లవర్‌హార్న్‌కు తోడు పెట్టకండి, ఎంత పెద్ద ట్యాంకైనా చంపేస్తుంది. దానికి అడుగున గులకరాళ్లూ అక్కర్లేదు, నోటితో తవ్వి అద్దానికి విసురుతుంది. హీటరుకు ప్లాస్టిక్ గార్డు తప్పనిసరి.

4×2×2కు 10 మి.మీ. అద్దం, పైన చుట్టూ పట్టీలు ఉండాలి. అద్దమే 74 కిలోలు, నీళ్లు 400, ఇనప స్టాండు 40, మొత్తం అర టన్ను పైచిలుకు. వారానికి 130 లీటర్ల మార్పు, అంటే పదిహేను లీటర్ల బకెట్లు తొమ్మిది. ఒక్క మనిషి అరగంటలో చేసుకోగల పని ఇది. ఈ సైజు దాటితే బకెట్లతో పని జరగదు, పైపు కావాలి.

ఫిల్టరు గంటకు ట్యాంకు నీళ్లకు ఐదారు రెట్లు తిప్పాలి, 400 లీటర్లకు 2000 నుంచి 2500 లీటర్ల పంపు. పైన పెట్టే చిన్న స్పాంజి ఫిల్టరు ఆస్కార్ రెట్టకు ఆగదు.

## ఐదడుగులు, ఆరడుగులు

ఐదడుగుల ట్యాంకును చాలామంది పట్టించుకోరు. కానీ 5×2×2 (566 లీటర్లు) రెండు ఆస్కార్లకు కనీసపు సైజు, చాలా అపార్ట్‌మెంట్ హాళ్లకు సరిపోయే పెద్ద సైజు కూడా. మెట్ల మలుపులో ఆరడుగులది తిరగని చోట ఐదడుగులది తిరుగుతుంది. జంట గొడవపడితే మధ్యలో చిల్లులున్న ప్లాస్టిక్ పలక పెట్టి విడదీసినా చెరో రెండున్నర అడుగులు దక్కుతాయి. నాలుగడుగులదానిలో ఆ వీలు లేదు.

ఆరడుగుల దగ్గరే అసలు తికమక. 6×1.5×2, 6×2×2, 6×2.5×2 అని మూడు చెప్తారు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు కొనే 125 గ్యాలన్ల రెడీమేడ్ ట్యాంకు మొదటి రకం. ఆరడుగుల పొడవున్నా వెడల్పు 18 అంగుళాలే. 180 గ్యాలన్లదైతే 24 అంగుళాలు. అడుగున్నర వెడల్పున్న ఆరడుగులది సిల్వర్ డాలర్ చేపల గుంపుకు బాగుంటుంది, అవి పొడవునా తిన్నగా ఈదే చేపలు. అరోవానాకు అది జైలు.

అరోవానా పెట్టాలనుకుంటే ఆరడుగుల్లో 6×2.5×2 ఒక్కటే లెక్కలోకి వస్తుంది. అదీ కనీసమే. వెడల్పు చాలనిచోట చేప ప్రతి మలుపులో ఒళ్లు మడుస్తుంది, మీసాలు అద్దానికి రాసుకుని విరుగుతాయి. నీళ్లు పాతబడి ఆక్సిజన్ తగ్గితే మొప్పల మూత అంచు బయటికి మడుచుకుపోవడం మొదలవుతుంది. ముందే పట్టుకుని నీళ్లు మారిస్తే, పెద్ద ట్యాంకులో వేస్తే తగ్గొచ్చు, గట్టిపడితే కోత తప్పదు. ఎత్తు అరోవానాకు అక్కర్లేదు, అది పైనే తిరుగుతుంది. ఎత్తు డబ్బును వెడల్పు మీద పెట్టండి. మూత మీద మాత్రం తగ్గొద్దు. అడవిలో కొమ్మ మీది పురుగు కోసం నీళ్లలోంచి ఎగిరే చేప ఇది. 6 మి.మీ. అద్దపు మూత వేసి దాని మీద బరువుండాలి, నీటికీ మూతకూ మధ్య నాలుగైదంగుళాలు వదలాలి.

12 మి.మీ. అద్దంతో 6×2.5×2 ఖాళీ ట్యాంకే 137 కిలోలు. నింపాక స్టాండుతో కలిపి టన్నుకు దగ్గరవుతుంది. కింద సంపు (ఫిల్టరు ఉంచే చిన్న ట్యాంకు) పెడితే ఇంకో వంద లీటర్ల పైమాట. మొదటి అంతస్తు, ఆ పైన అయితే స్ట్రక్చరల్ ఇంజినీరుకు బీములెక్కడున్నాయో చూపించి అడగండి. 50 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు, అదీ బడ్జెట్లో రాసుకోండి.

రెడ్, గోల్డెన్ అని అమ్మే ఏషియన్ అరోవానా సంగతి వేరు. అది అరుదైన జాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం, సైటీస్, మొదటి అనుబంధంలో ఉన్న జాతి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి విదేశీ జాతులను ఉంచుకునేవాళ్లు నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపించలేని షాపులో కొనకండి.

## ఎనిమిదడుగులు

8×3×2.5లో 1700 లీటర్లు. అరోవానా పదిహేనేళ్లు హాయిగా మెసలగల ఇల్లు ఇది. 15 మి.మీ. అద్దంతో ఖాళీగానే 275 కిలోలు కాబట్టి సాధారణంగా మీ ఇంట్లోనే అతికిస్తారు. నిండితే రెండు టన్నులు, గ్రౌండ్ ఫ్లోరు తప్ప ఇంకెక్కడా ఆలోచించొద్దు. వారానికి 500 లీటర్లు మార్చాలి. కాబట్టి ట్యాంకు రాకముందే అడుగున డ్రెయిన్ పైపు, నీళ్లు నిలవబెట్టే సింటెక్స్ ట్యాంకు ప్లాన్ చేసుకోండి. వేసవిలో నీటి ట్యాంకర్ల మీద ఆధారపడే కాలనీల్లో ఉంటే ఈ సైజు జోలికి పోవద్దన్నదే మా సలహా. నీళ్లు మార్చని 1700 లీటర్ల కంటే క్రమం తప్పకుండా మార్చే 450 లీటర్లు నయం.

## సిమెంటు తొట్టి

కోయి, పాకు పెంచాలంటే ఇదే దారి. 8×5×3.5 అడుగుల తొట్టిలో దాదాపు 4000 లీటర్లు పడతాయి. కోయి పాతికేళ్ల పైన బతుకుతుంది, కాబట్టి ఇది ఇంటితో పాటు ఉండే నిర్మాణం. అద్దపు ట్యాంకుతో పోలిస్తే లీటరుకు ఖర్చు బాగా తక్కువ. చేపను పక్కనుంచి చూసే అందం మాత్రం పోతుంది. కోయిని పైనుంచే చూస్తారు కాబట్టి దానికి లోటు లేదు.

డాబా మీద కట్టొద్దు. మూడడుగుల లోతు నీళ్లంటేనే చదరపు మీటరుకు 900 కిలోలు. కొత్త సిమెంటులోంచి సున్నం దిగి పీహెచ్ 10 దాటుతుంది, మొదటి వారమే చేపలు వేస్తే మొప్పలు కాలి చస్తాయి. నింపడం, మూడు నాలుగు రోజులాగి తీసెయ్యడం, ఇలా రెండు మూడు వారాలు చేసి పీహెచ్ 8 లోపు నిలిచాకే వెయ్యాలి. సగం మీద షేడ్ నెట్ కట్టండి, కొంగలకు అడ్డంగా వల కూడా.

## మీ పరిస్థితి ఏది

అద్దె ఇల్లు, రెండేళ్లకోసారి మారే ఉద్యోగమైతే 4×2×1.5 దాటొద్దు, ఒక్క చేపతో సరిపెట్టుకోండి. ఇద్దరు మనుషులు మోయగల ఆఖరి సైజు దాదాపు అదే. మనసు అరోవానా మీదే ఉంటే సొంత ఇల్లయ్యేదాకా ఆగడం మేలు.

సొంత ఫ్లాటయితే 5×2×2 దగ్గర మొదలుపెట్టి, ఇంజినీరు సరేనంటే 6×2.5×2కు వెళ్లొచ్చు. వాస్తు కోసం ఈశాన్యంలో పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆ మూలకు బీము ఉందో లేదో, పొద్దుటి ఎండ కొడుతుందో చూడండి. చోటు చాలకపోతే ఆ మూలలో చిన్న ట్యాంకు, గప్పీలు పెట్టుకోండి. దిక్కు కోసం అరోవానాను మూడడుగుల్లో ఇరికించొద్దు.

బోరునీళ్లే దిక్కయితే సైజుతో పాటు డ్రమ్ముకు కూడా చోటు లెక్కేసుకోండి. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. 200 లీటర్ల నీలం డ్రమ్ములో ఒక రోజు గాలి పెట్టి వాడాలి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ కఠిన జలానికి అలవాటు పడతాయి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ కోసం వంద లీటర్లకు గ్రాము హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, సరిపోతుంది.

'ఇప్పుడు మూడడుగులది, తర్వాత పెద్దది' అనుకునేవాళ్లకు ఒక మాట. ఆస్కార్‌కు ఆ మధ్య ట్యాంకు ఆరు నెలలు కూడా రాదు. స్టాండు, ఫిల్టరు, మూత అన్నీ రెండోసారి కొనాలి. మూడంగుళాల పిల్లను నేరుగా 4×2×2లో వెయ్యొచ్చు, ఏం కాదు. తిండి ఒక మూలనే వేసి అలవాటు చేస్తే వెతుక్కోదు.

చేప ఇప్పటికే ట్యాంకును మించి పెరిగిపోతే పెద్ద ట్యాంకున్న వాళ్లకు ఇవ్వండి, లేదా షాపువాళ్లకే తిరిగివ్వండి. చెరువులో, కాలువలో మాత్రం వదలొద్దు. అలా వదిలిన సక్కర్ చేపలే ఈ రోజు ఆంధ్రా చెరువుల్లో దెయ్యపు చేపలని పేరు తెచ్చుకుని, ముళ్లతో రైతుల వలలు చింపుతున్నాయి.

## ట్యాంకు వచ్చిన రోజు

స్టాండు మీద ట్యూబ్ లెవెల్ పెట్టి నాలుగు మూలలూ సరిచూడండి. అడుగున అర అంగుళం థర్మోకోల్ పరవండి. కొత్త సిలికాన్ ఆరడానికి షాపువాడు చెప్పిన గడువు పూర్తయిందో లేదో అడగండి. తర్వాత అంచుదాకా నింపి 48 గంటలు వదిలెయ్యండి. మూలల అతుకుల వెంట పొడి కాగితం రాస్తే సన్నటి చెమ్మ కూడా బయటపడుతుంది. ముందు అద్దం మధ్యలో బయటికి ఉబ్బినట్టు కనిపిస్తే నీళ్లు దించి, పైన అడ్డపట్టీ వేయించండి. అంతా సరిగ్గా ఉంటే ఫిల్టరు నడిపి, అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలివ్వండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ నీటి పరీక్ష కిట్‌లో సున్నా చూపించిన రోజున చేపను తెచ్చుకోవచ్చు.